మిగిలిన బ్రెడ్ ప్రాజెక్టు: వంటగది డైరీ

మొదలుపెట్టే ముందు

ఇంట్లోకి వచ్చిన బ్రెడ్‌లో ఒక్క ముక్క కూడా చెత్తబుట్టకు పోకూడదు. అలాగని పాత ముక్కల్ని ఎవరి చేతా బలవంతంగా తినిపించకూడదు. ప్రాజెక్టుకు షరతులు ఈ రెండే, అందులో రెండోదే కష్టం. వృథా చేయకూడదన్న పట్టుదలతో వండినదాన్ని మొదటిరోజు మొహమాటానికి తింటారు. రెండోరోజు గిన్నె కదలదు.

మిగిలిన బ్రెడ్‌తో ఏం చేయాలని ఎవరినడిగినా గుక్కతిప్పుకోకుండా పది వంటలు చెబుతారు. వంటలకు కొదవ లేదు. చిక్కల్లా అన్ని ముక్కల్నీ "పాత బ్రెడ్" అంటూ ఒకే గాటన కట్టేయడంలో ఉంది. సంచిలో ఉండి బిగుసుకుపోయినా తేమ పోని స్లైసు వేరు, గాలికి ఎండి పెళుసెక్కిన ముక్క వేరు, పాలూ వెన్నా చక్కెరా పడిన తియ్య బ్రెడ్ వేరు. ఒకదానికి కుదిరే వంట ఇంకోదానికి నప్పదు. అందుకని వంటల జోలికి పోయే ముందు బ్రెడ్ సంగతేమిటో తేల్చుకుందామనుకున్నాను.

నిలవ పరీక్ష

ఒకే బ్రెడ్‌ను నాలుగు వాటాలు వేశాను. ఒకటి మూత బిగించిన డబ్బాలో వంటగది గట్టు మీద. ఇంకోటి అలాంటి డబ్బాలోనే ఫ్రిజ్‌లో. మూడోది స్లైసుకీ స్లైసుకీ మధ్య కాగితం పెట్టి డీప్ ఫ్రీజర్‌లో. నాలుగోది మూతా గీతా లేకుండా జాలీ పళ్లెం మీద.

మర్నాటికే తేడా బయటపడింది. గట్టు మీది డబ్బాలో స్లైసు ఇంకా వంగుతోంది. ఫ్రిజ్‌లోది వంచబోతే మడత దగ్గర చిట్లి పొడి రాలింది. రెండు డబ్బాల మూతలూ ఒకేలా బిగించాను, తేమ బయటికి పోయే దారి రెంటికీ లేదు. మరి ఒకటే ఎందుకు గట్టిపడింది?

బ్రెడ్ గట్టిపడటమంటే నీరు ఇగిరిపోవడమేనని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. గాలి చొరబడకుండా మూసిపెట్టిన బ్రెడ్ కూడా గట్టిపడుతుందనీ, వేడిచేస్తే మళ్లీ మెత్తబడుతుందనీ ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసాంగో 1852లోనే చూపించాడు. ఓవెన్ వేడికి పిండిలోని స్టార్చ్ రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, వాటి లోపలి అణువుల వరస చెదిరిపోతుంది. చల్లారాక ఆ అణువులు, ముఖ్యంగా అమైలోపెక్టిన్ అనే కొమ్మలు కొమ్మలుగా ఉండేవి, మెల్లగా మళ్లీ దగ్గరకు చేరి స్ఫటికాలుగా పేర్చుకుంటాయి. ముక్క బిగుసుకునేది అందుకే. నీరు గడ్డకట్టే చలికి కాస్త పైన, అంటే సరిగ్గా మన ఫ్రిజ్ ఉండే చలిలో, ఈ పేర్పు అన్నిటికంటే జోరుగా సాగుతుంది. డీప్ ఫ్రీజర్‌లో, సున్నాకు 18 డిగ్రీల దిగువన, అది దాదాపు ఆగిపోతుంది.

కాబట్టి ఫ్రిజ్ బూజును ఆపుతుంది, మెత్తదనాన్ని మాత్రం తినేస్తుంది. ఎలాగూ టోస్టు చేసుకునే బ్రెడ్ అయితే ఫ్రిజ్‌లో పెట్టినా నష్టం లేదు, ఉక్కపోత రోజుల్లో అదే మేలు కూడా. టోస్టు చేయకుండా మెత్తగా తినాలంటే మాత్రం రెండు రోజులకు సరిపడా బయట ఉంచి, తక్కినది తెచ్చిన పూటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. "తెచ్చిన పూటే" అన్న మాట కింద గీత గీసుకున్నాను. గట్టిపడ్డాక ఫ్రీజర్‌లో పెడితే గట్టి బ్రెడ్డే నిలవ ఉంటుంది.

వేడి పరీక్ష

ఆ స్టార్చ్ పేర్పు 60 డిగ్రీల దరిదాపుల్లో కరిగిపోతుంది. ఫ్రిజ్‌లో చిట్లిన స్లైసులనే తీసుకుని, తడి చేత్తో ఒకసారి నిమిరి, మూత పెట్టిన పెనం మీద సన్నసెగన ఉంచాను. రెండు నిమిషాల్లో వంగడం మొదలైంది, వాసన కూడా తాజాగా తేలింది. అయితే వేడి మీదే తినేయాలి. చల్లారనిస్తే మునుపటికంటే గట్టిపడుతుంది, ఎందుకంటే వేడిచేసినప్పుడల్లా కొంత నీరు నిజంగానే పోతుంది. తినబోయే ముక్కల్నే, ఒక్కసారే వేడిచేయాలి.

మైక్రోవేవ్‌తోనూ చూశాను. పది సెకన్లకు దూదిలా ఉంది, పళ్లెంలోకి వచ్చి మాటల్లో పడేసరికి నమిలితే సాగుతోంది. ఈ పనికి దాన్ని పక్కన పెట్టేశాను.

బూజు గురించి, ఒక్కసారే

బూజు కనిపించిన స్లైసును, దాన్ని తాకి ఉన్న స్లైసులను వాడే ప్రశ్నే లేదు. సంచిలో అక్కడక్కడా పచ్చ మచ్చలుంటే మొత్తం పోయినట్టే. బ్రెడ్ అంతా గాలి గదులే కాబట్టి పైన చుక్క కనిపించేసరికి దారాలు లోపలికి పాకి ఉంటాయి. మచ్చ గిల్లేసి తక్కినది తినడం గట్టి చీజ్‌కు చెల్లుతుందేమో గానీ బ్రెడ్‌కు చెల్లదు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార భద్రతా విభాగం కూడా బూజు పట్టిన బ్రెడ్‌ను మొత్తంగా పారేయమనే చెబుతుంది, వాసన కూడా చూడొద్దంటుంది. టోస్టు చేస్తే బూజు చస్తుంది, అది వదిలిన విషపదార్థాలు ఆ వేడికి పోతాయన్న భరోసా లేదు.

బూజు పట్టింది కంపోస్టు గుంతలోకి, పైన తేలకుండా మధ్యలోకి కప్పేసి. మొదటి షరతుకు ఇదొక్కటే మినహాయింపు.

ఒక సంగతి గమనించాను. కొన్ని ప్యాకెట్ల బ్రెడ్‌లో కాల్షియం ప్రొపియోనేట్ ఉంటుంది, ఇ282 అని రాసి ఉండేది అదే. అది బూజును వెనక్కు నెడుతుంది, స్టార్చ్ గట్టిపడటాన్ని ఆపదు. అలాంటి బ్రెడ్ చూపుకి నిక్షేపంలా ఉండి, నోటికి మాత్రం ఎండుగడ్డిలా తగులుతుంది. ఈ ప్రాజెక్టుకు బాగా పనికొచ్చే సరుకు అదే.

పొడి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టాను, ఎందుకంటే ఏ వంటకూ అందని తునకలు చివరికి వచ్చి చేరేది పొడి డబ్బాలోకే.

బ్రెడ్ పొడి రెండు రకాలు, ఒకదాని చోట ఇంకోటి వాడితే వంట చెడుతుంది. తేమ ఉన్న స్లైసులను అలాగే మిక్సీలో వేస్తే వచ్చేది మెత్తని తురుము. ఇది తడిని పట్టుకుంటుంది, కట్లెట్ల లోపలికి బాగుంటుంది. బాగా ఎండబెట్టి దంచితే వచ్చేది పొడిపొడిగా ఉండే రవ్వ. ఇది పైపూతకు, వేయించడానికి.

ఎండు పొడికి ఓవెన్‌ను 120 డిగ్రీల దగ్గర ఉంచి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, అరగంట దాకా వదిలేశాను. సగంలో ఒకసారి తిరగేయాలి. అయిందో లేదో రంగు చెప్పదు, చప్పుడు చెబుతుంది. ముక్క తీసి చల్లారనిచ్చి విరవాలి. "టక్" మని ఒక్క దెబ్బకు విరిగితే అయినట్టు. వంగి, ఆగి, చిరిగినట్టు విరిగితే నడుమ తేమ ఉన్నట్టే. వేడిగా ఉన్నప్పుడు విరిచి చూడటం దండగ, వేడి ముక్క ఎండినా మెత్తగానే అనిపిస్తుంది. ఇలా చల్లార్చి చూసినప్పుడు మందపాటి చివరి ముక్కలు పలచటి స్లైసులకంటే చాలాసేపు వెనకబడ్డాయి. అందుకని ఇప్పుడు చివరి ముక్కల్ని నాలుగుగా చీల్చి పరుస్తున్నాను.

మిక్సీని ఆపకుండా తిప్పితే సగం పిండి, సగం గులకరాళ్లు. ఒక్కో తిప్పుకీ ఆగి, జార్‌ను కుదిపి, మళ్లీ ఒక తిప్పు. తరువాత జల్లెడ. జల్లెడలో మిగిలిన ముతక రవ్వను వేరే డబ్బాలో పోశాను. పైపూతకు అదే కరకరలాడుతోంది. కిందికి దిగిన మెత్తని పొడి నూనెలో తొందరగా మాడుతోంది, అది సూపు చిక్కబరచడానికి వెళ్లింది.

తియ్య బ్రెడ్ పొడిని విడిగా ఉంచాలి. చక్కెర, పాలు ఉన్న బ్రెడ్ త్వరగా ఎర్రబడుతుంది. దాన్ని పైపూతగా వాడితే లోపల ఉడికేలోపు పైన నల్లబడుతుంది. వెన్నలో దోరగా వేయించి, ఉడికించిన పళ్ల మీద చల్లడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

ఎండు పొడి మూత గట్టిగా ఉన్న సీసాలో నెల దాకా బాగానే ఉంటోంది. వెన్న, నూనె ఎక్కువున్న బ్రెడ్ పొడైతే కొవ్వు కమురు వాసన వస్తుంది, దాన్ని నేరుగా ఫ్రీజర్‌లో పెడుతున్నాను. మెత్తని తురుము ఎలాగూ ఫ్రీజర్‌లోనే ఉండాలి. గడ్డకట్టినా వేలితో గీకితే విడిపోతుంది, కరగబెట్టాల్సిన పని లేదు.

కరకర ముక్కలు

త్వరగా తేలిపోయింది. రెండు సెంటీమీటర్ల ముక్కలు, 200 గ్రాములకు రెండు పెద్ద చెంచాల నూనె, ఉప్పు, మిరియాలు, చిదిమిన వెల్లుల్లి. ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. వెల్లుల్లిని నూనెలో నానబెట్టి, వడకట్టి, ఆ నూనె మాత్రమే వాడాలి. లేకపోతే తునకలు మాడి మొత్తం చేదెక్కుతుంది.

బంగారు రంగు రాగానే ఆపుతున్నాను. స్టార్చ్ ఎక్కువున్న తిండిని 120 డిగ్రీలు దాటించి వేయించినా కాల్చినా అక్రిలమైడ్ అనే, క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానమున్న పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రంగు ముదిరే కొద్దీ అది పెరుగుతుంది. భయపడి టోస్టు మానేయాల్సినంత విషయమేమీ కాదు గానీ, నల్ల అంచును ఇష్టంగా తినే అలవాటు మాత్రం ఇంట్లో మాన్పించాను.

పాలూ గుడ్లూ

గట్టిపడ్డ బ్రెడ్ తాజా బ్రెడ్‌ను ఓడించే వంట ఇదే, బ్రెడ్ పుడ్డింగ్. కొలత: బ్రెడ్ 200 గ్రాములు, పాలు అర లీటరు, గుడ్లు మూడు, చక్కెర 60 గ్రాములు, చిటికెడు ఉప్పు. ఉప్పు వదిలేస్తే తీపి చప్పగా అనిపిస్తుంది.

పక్కపక్కనే రెండు గిన్నెలు పెట్టాను, ఒకదానిలో ఆ పూటే తెచ్చిన బ్రెడ్, ఇంకోదానిలో నాలుగో వాటా, అంటే జాలీ మీద ఆరినది. తాజా ముక్కలు పాలు తగలగానే అంచులు కరిగి ముద్దయ్యాయి. ఎండినవి నిలబడ్డాయి, కానీ పాలు లోపలికి వెళ్లాయా అన్నదే అనుమానం. ఒక ముక్క తీసి నడిమికి చీల్చి చూశాను. చుట్టూ పసుపు తిరిగిన తడి, మధ్యలో బఠాణీ గింజంత తెల్లని పొడి గుండె. పది నిమిషాల తర్వాత ఇంకోటి చీల్చితే గింజ చిన్నదైంది. అరగంటకు మాయమైంది, ముక్క ఆకారం మాత్రం చెక్కుచెదరలేదు. పాలు గోరువెచ్చగా ఉంటే ఇంకా త్వరగా దిగుతున్నాయి. మరీ వేడిగా ఉంటే గుడ్డు విరుగుతుంది. అందుకే పాలు వెచ్చబెట్టి ముందు బ్రెడ్ మీద పోసి, పూర్తిగా చల్లారాక గిలక్కొట్టిన గుడ్లు కలుపుతున్నాను. పైకి తేలే ముక్కల్ని గరిటె వీపుతో అదమడం మరవకూడదు.

ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 40 నిమిషాలకు అంచులు పొంగి, నడుమ కాస్త వణుకుతున్నప్పుడు దించాను. గరిటెతో నడిమిన నొక్కితే పాలు ఊరకూడదు. థర్మామీటరు ఉంటే నడిమి వేడి 71 డిగ్రీలు దాటితే చాలు, గుడ్డు వంటకాలకు చెప్పే భద్రమైన హద్దు అదే. ఓవెన్ లేనివాళ్లు గిన్నెకు మూత కట్టి ఆవిరి మీద చేసుకోవచ్చు, పైన ఎర్రటి పొర మాత్రం రాదు.

మా పాప చెంచాతో తవ్వుతూ, "అమ్మా, దీనికి కొత్త బ్రెడ్ తెచ్చావా?" అంది. రెండో షరతు ఈ వంట దగ్గర నెగ్గింది.

ఇదే పద్ధతిలో చక్కెర తీసేసి ఉల్లిపాయ, ఆకుకూర, కాస్త చీజ్ వేసి ఉప్పగానూ చేశాను. ఆకుకూరను ముందే వేయించి నీరు పిండేయాలి, లేకుంటే అడుగున చెరువే.

సూపులోకి

అర లీటరు టమాటా సూపుకు ఒక స్లైసు. నానిన తరువాత మిక్సీ పట్టాలి, గరిటెతో చిదిపితే రవ్వ రవ్వగా నాలుకకు తగులుతుంది. బ్రెడ్‌లో స్టార్చ్ అప్పటికే ఉడికింది కాబట్టి పచ్చి పిండి వాసనా రాదు, ఉండలూ కట్టదు. ఆరితే మాత్రం బాగా చిక్కబడుతుంది. పొయ్యి మీద ఉన్నప్పుడు కాస్త పలచగానే దించాలి.

కట్లెట్లు

ఉడికించి చిదిమిన బంగాళాదుంప 300 గ్రాములకు మెత్తని తురుము 50 గ్రాములు. దుంప తడిగా ఉంటే ఇంకొంచెం. కలిపి పావుగంట వదిలేస్తే తురుము తడిని పీల్చుకుని ముద్ద గట్టిపడుతుంది. కలిపిన వెంటనే జారుగా ఉందని ఇంకా తురుము పోస్తే తరువాత కట్లెట్ నోట్లో బంకమట్టే. కీమాతో చేసేవాళ్లు అరకిలోకు ఒక స్లైసును పావు కప్పు పాలలో చిదిమి కలపాలి. కీమా కుంచించుకుపోయి గట్టిపడకుండా అది అడ్డుకుంటుంది.

ఉప్పు జాగ్రత్త. బ్రెడ్‌లో అప్పటికే ఉప్పుంది. మామూలుగా వేసేదానికి నాలుగో వంతు తగ్గించి, చిన్న ఉండ వేయించి రుచి చూశాకే సరిచేస్తున్నాను.

కొత్త రొట్టెలోకి పాత బ్రెడ్

నాకు అన్నిటికంటే సరదా ఇచ్చిన భాగం ఇది. పాత రొట్టెను నానబెట్టి కొత్త పిండిలో కలపడం బేకరీ పనివాళ్లు ఎప్పటినుంచో, ముఖ్యంగా రై అనే ధాన్యంతో చేసే రొట్టెల్లో, చేస్తున్నదే. 500 గ్రాముల పిండికి 75 గ్రాముల ఎండు బ్రెడ్ తీసుకుని, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున గట్టిగా పిండి, ముద్దగా మెదిపి కలిపాను. మామూలు కొలతకంటే నీళ్లు తగ్గించి మొదలుపెట్టి, పిండి అడిగినకొద్దీ పోశాను. పిండి చేతికి ఎక్కువ అంటుకుంటుంది. అది చూసి పొడి పిండి చల్లుకుంటూ పోకూడదు, తడి చేత్తో మడతపెట్టుకుంటూ వెళ్లాలి.

కోసి చూస్తే లోపల రంగు ఒక ఛాయ ముదురు, వాసనలో కాల్చిన గింజల ఘుమఘుమ. ఉడికిన స్టార్చ్ నీటిని పట్టుకుని ఉంచుతుంది కాబట్టి, పాత బ్రెడ్ కలపని జత రొట్టె గట్టిపడిన రోజుకు కూడా ఇది ఇంకా మెత్తగానే కోతపడింది. పాత బ్రెడ్ వల్ల కొత్తది ఆలస్యంగా పాతబడటం ముచ్చటేసింది. వాటాను 30 శాతానికి పెంచినప్పుడు మాత్రం రొట్టె పొంగలేదు, నడుమ జిగురుగా మిగిలింది. నాకు 15 శాతమే గీత.

డబ్బాల ఏర్పాటు

వంటలన్నీ తేలాక మిగిలింది ఇంట్లోవాళ్ల పని. వాళ్లెవరూ ఈ డైరీ చదవరు, కాబట్టి ఏర్పాటు చదవక్కర్లేకుండానే నడవాలి. ఫ్రీజర్‌లో మూడు డబ్బాలు పెట్టాను. టోస్టుకు స్లైసులు ఒకదానిలో, తియ్య బ్రెడ్ ఒకదానిలో, చివరి ముక్కలూ అంచులూ తునకలూ ఇంకోదానిలో. మూత మీద తేదీ. స్లైసులు గడ్డకట్టినవి గడ్డకట్టినట్టే టోస్టరులోకి వెళ్తాయి.

దీనికీ ఒక తిప్పలుంది. ఫ్రీజర్‌లో పెట్టగానే పని అయిపోయిందన్న నిశ్చింత వచ్చేస్తుంది, ఆనక దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. మా తునకల డబ్బా మూత పట్టనంతగా నిండిపోయింది. అందుకని కొత్త నియమం పెట్టాను. తునకల డబ్బా నిండితే ఆ వారం ఓవెన్ దేనికి వెలిగించినా, ఆ పని అయ్యాక అది చల్లారుతున్న వేడిలోనే తునకలు పరిచేయాలి. పూర్తిగా ఎండకపోయినా సగం పని అయిపోతుంది. విడిగా ఓవెన్ వెలిగించి పిడికెడు తునకలు ఎండబెట్టడం నాకు మనస్కరించదు, బ్రెడ్ మిగిల్చి కరెంటు తగలేసినట్టే.

ఇప్పటి పరిస్థితి

కొనడమే తగ్గింది. పెద్ద బ్రెడ్ బదులు చిన్నది తెస్తున్నాం, ఎందుకంటే పొడి సీసా నిండుగా ఉన్నప్పుడు ఇంకా మిగల్చడానికి ఎవరికీ చేతులు రావట్లేదు. ఆలోచించి పెట్టుకున్న షరతు కాదిది, దానంతటదే జరిగింది.

ఇంకా తేలని పనులు కొన్ని ఉన్నాయి. పొట్టు, గింజలు ఉన్న ముతక బ్రెడ్‌తో పాలూ గుడ్ల వంట అంత నున్నగా రావట్లేదు. పాలు 50 మిల్లీలీటర్లు పెంచి, నానే సమయం రెట్టింపు చేసి చూడాలి. గుడ్డు తినని వాళ్ల కోసం కార్న్‌ఫ్లోర్‌తో ఒక గిన్నె పెట్టాలి. ముతక రవ్వ పైపూతను నూనెలో ముంచకుండా, కొద్దిగా నూనె కలిపి ముందే పెనం మీద వేయించి, తరువాత ఓవెన్‌లో పెడితే కరకర ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. తునకల డబ్బాలో మళ్లీ సగం దాకా సరుకు చేరింది, ముందు దీంతోనే మొదలుపెడతాను.